ఉద్యోగం, ఉయ్యాల: ధనిక దేశాల్లో పిల్లలు ఎందుకు తగ్గారు?

పెళ్లిళ్లలోనో సీమంతాల్లోనో నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే ఈ మాట రాక మానదు: "ఆడపిల్లలు ఉద్యోగాలకు పోవడం మొదలయ్యాకే పిల్లలు తగ్గిపోయారు." హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా మాట అదే. తెలుగు మాధ్యమ తరగతులకు పిల్లలు చాలని చోట ఈ మాట వెనక నిజమైన బెంగ కూడా ఉంటుంది. చివరికి ఆ నింద ఇంటి కూతురి మీదో కోడలి మీదో పడుతుంది.

ఈ మాట ఎంతవరకు నిజం? ధనిక దేశాలు మనకంటే చాలా ముందే ఈ దారిలో నడిచాయి. అక్కడి ఆర్థికవేత్తలు అరవై ఏళ్లకు పైగా ఈ సంగతిని పరిశోధిస్తున్నారు. వాళ్లు తేల్చినవీ, ఇంకా తేల్చలేకపోతున్నవీ ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

ముందుగా లెక్క

ఒక దేశంలో ఈ ఏడాది ఏ వయసు స్త్రీలకు ఎందరు పిల్లలు పుడుతున్నారో చూసి, అదే తీరు కొనసాగితే ఒక స్త్రీకి జీవితకాలంలో సగటున ఎందరు పుడతారో లెక్క కడతారు. దీన్నే సంతానోత్పత్తి రేటు అంటారు. వలసలు లేకుండా జనాభా నిలకడగా ఉండాలంటే ఈ రేటు 2.1 దగ్గర ఉండాలి.

ఎక్కువగా ధనిక దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ కూటమిలో ఈ రేటు సగటు 1960లో 3.3. 2022 నాటికి అది 1.5కు దిగింది. 2024లో ఫ్రాన్స్‌లో 1.62, ఇటలీలో 1.18, జపాన్‌లో 1.15. దక్షిణ కొరియా అన్నిటికంటే అడుగున ఉంది. అక్కడ 2023లో 0.72కు పడిపోయి, 2024లో కొద్దిగా లేచి 0.75 అయింది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ఒక తరం అమ్మాయిలు 24 ఏళ్లకు బదులు 30 ఏళ్లకు తొలి బిడ్డను కంటే, చివరికి అంతే మందిని కన్నా సరే, మధ్యలో కొన్నేళ్లు రేటు పడిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి పడిపోయినదంతా తగ్గుదల కాదు, కొంత వాయిదా. అయితే వాయిదా పడిన కాన్పులన్నీ తర్వాత జరగవు. కొరియాలో తొలి కాన్పు సగటు వయసు ఇప్పుడు 33. ఆ తర్వాత రెండో బిడ్డకు మిగిలే సమయం తక్కువే.

బెకర్ చెప్పిన పాత పాఠం

పిల్లల సంగతిని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినవారు అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్. 1960లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన్ను వేధించిన ప్రశ్న ఇది: ఆదాయం పెరిగితే మనుషులు ఇల్లు, బండి, బట్టలు అన్నీ ఎక్కువ కొంటారు. మరి పిల్లల్ని మాత్రం తక్కువ కంటున్నారేం?

దానికి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది, ఆదాయం పెరిగిన తల్లిదండ్రులు పిల్లల సంఖ్య పెంచరు, ఒక్కొక్కరి మీద పెట్టే ఖర్చు పెంచుతారు. మంచి బడి, ట్యూషన్, కాలేజీ. ఒక్కొక్కరి మీద ఖర్చు పెరిగేకొద్దీ మరో బిడ్డ అనే ఆలోచన బరువవుతుంది.

రెండోది సమయం. జేకబ్ మింసర్ అనే మరో ఆర్థికవేత్త 1963లో దీన్ని విడదీసి చూపాడు. బిడ్డకయ్యే ఖర్చు పాలు, మందులు, ఫీజులతో ఆగదు. బిడ్డ కోసం తల్లి వదులుకునే జీతం కూడా అందులో చేరుతుంది. నెలకు ఐదు వేలు సంపాదించే ఆమె ఏడాది మానేస్తే 60 వేలు పోతాయి. నెలకు 50 వేలు సంపాదించే ఆమె మానేస్తే ఆరు లక్షలు పోతాయి. స్త్రీల చదువూ జీతమూ పెరిగేకొద్దీ బిడ్డ 'ధర' పెరుగుతుందన్నమాట. భర్త జీతం పెరిగితే మాత్రం కథ వేరు. 1970లలో అమెరికాలోని అపలేషియా బొగ్గు గనుల ప్రాంతంలో బొగ్గు ధర పెరిగి మగవాళ్ల సంపాదన ఎగసినప్పుడు, అక్కడ కాన్పులు కూడా పెరిగినట్టు డాన్ బ్లాక్ బృందం చూపింది.

ఇక్కడివరకు వింటే పెద్దవాళ్ల మాటే గెలిచినట్టుంది. 1970లలో దేశాలను పక్కపక్కన పెట్టి చూసినా అంతే. స్త్రీలు ఎక్కువగా ఉద్యోగాలు చేసే దేశాల్లో పిల్లలు తక్కువ, ఇంటిపట్టున ఉండే దేశాల్లో ఎక్కువ.

తలకిందులైన సంబంధం

తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. నమ్‌క్యో ఆన్, పెడ్రో మీరా అనే ఇద్దరు పరిశోధకులు 21 ఓఈసీడీ దేశాల అంకెలు పరిశీలించారు. వాళ్ల వ్యాసం 2002లో అచ్చయింది. 1980ల చివరికి వచ్చేసరికి ఆ సంబంధం తిరగబడిందని అందులో తేలింది. స్త్రీలు ఎక్కువగా ఉద్యోగాలు చేసే స్వీడన్, డెన్మార్క్, నార్వే వంటి దేశాల్లోనే పిల్లలు ఎక్కువగా పుడుతున్నారు. తక్కువ మంది స్త్రీలు ఉద్యోగం చేసే ఇటలీ, స్పెయిన్, గ్రీసుల్లో జననాలు కుదేలయ్యాయి.

ఉద్యోగమే పిల్లల్ని తగ్గిస్తుందనేది నిజమైతే ఇలా జరగకూడదు. అందుకే పరిశోధకులు ప్రశ్నను మార్చారు. స్త్రీ ఉద్యోగం చేస్తోందా లేదా అన్నదానికంటే, ఆ దేశంలో ఉద్యోగమూ బిడ్డా ఒకేచోట ఇమడగలవా అన్నది ముఖ్యమైంది. రెండూ పొసగే చోట ఆమె రెండూ ఎంచుకుంటుంది. పొసగని చోట ఒకటి వదులుకుంటుంది. చదువుకుని సంపాదిస్తున్న స్త్రీ చాలాసార్లు వదులుకునేది మరో బిడ్డనే. మథియాస్ డెప్కే, అన్నా హనుష్, ఫాబియన్ కిండెర్‌మాన్, మిషెల్ టెర్టిల్ట్ కలిసి ఈ మార్పునంతా సమీక్షిస్తూ రాసిన వ్యాసానికి కేంద్రం కూడా ఈ పొసగడమే.

కారణం ఏది, ఫలితం ఏది?

ఇందులో మరో చిక్కుంది. పిల్లలున్నందుకు ఉద్యోగం మానేశారా, ఉద్యోగం మీద ఆసక్తి లేనందుకు ఎక్కువమందిని కన్నారా? రెండూ జరుగుతాయి. దీన్ని విడదీయడానికి జాషువా యాంగ్రిస్ట్, విలియం ఎవాన్స్ 1998లో ఒక తెలివైన దారి కనిపెట్టారు. మనవైపు మగపిల్లవాడి కోసం చూస్తారు. అమెరికాలో ఒకరు ఆడ, ఒకరు మగ ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయితే మూడో బిడ్డను కనే అవకాశం పెరుగుతుంది. ఎవరికి ఎవరు పుడతారన్నది తల్లి ఉద్యోగాసక్తి మీద ఆధారపడదు కాబట్టి, ఈ రెండు రకాల కుటుంబాలను పోల్చవచ్చు. మూడో బిడ్డ వల్ల తల్లి పని నిజంగానే తగ్గుతుందని తేలింది. కానీ మామూలు లెక్కలు చూపినంతగా కాదు. తండ్రి పనిలో చెప్పుకోదగిన మార్పే లేదు.

తల్లి జీతంలో కోత

తల్లి కావడానికి స్త్రీ చెల్లించే మూల్యాన్ని హెన్రిక్ క్లెవెన్, కామిల్ లాండే, యాకబ్ సోగార్డ్ డెన్మార్క్ ప్రభుత్వ రికార్డులతో కొలిచారు. తొలి బిడ్డ పుట్టకముందు భార్యాభర్తల సంపాదన దాదాపు ఒకే తీరులో పెరుగుతూ ఉంటుంది. బిడ్డ పుట్టగానే భార్య సంపాదన ఒక్కసారిగా జారుతుంది. ఎన్నేళ్లయినా పాత దారికి చేరదు. దీర్ఘకాలంలో ఆ లోటు సుమారు 20 శాతం. తండ్రి జీతం మాత్రం తొణకదు.

ఇదే లెక్కను మరికొన్ని దేశాలకు వేసి 2019లో ప్రకటించారు. తొలి కాన్పు తర్వాత ఐదు నుంచి పదేళ్ల మధ్య తల్లి సంపాదనలో కోత డెన్మార్క్‌లో 21 శాతం, స్వీడన్‌లో 26, అమెరికాలో 31, బ్రిటన్‌లో 44, ఆస్ట్రియాలో 51, జర్మనీలో 61 శాతం. కోత ఎక్కువున్న ప్రతిచోటా జననాలు అంతే తక్కువని దీని అర్థం కాదు. అమెరికా, బ్రిటన్‌లలో చాలాకాలం జననాలు బాగానే ఉన్నాయి. అయితే ఇంత కోత ఎదురుగా కనిపిస్తున్నప్పుడు చదువుకున్న అమ్మాయి తొందరపడదన్నది అర్థమవుతుంది.

ఈ కోత ఎందుకో క్లాడియా గోల్డిన్ వివరించారు. 2023లో నోబెల్ అందుకున్న ఈ ఆర్థికవేత్త కొన్ని ఉద్యోగాలను 'అత్యాశ ఉద్యోగాలు' అంటారు. రాత్రీ పగలూ, ఆదివారమైనా పిలిస్తే పలికేవాడికి అవి గంటకు ఎక్కువ జీతం ఇస్తాయి. ఇద్దరూ అలాంటి ఉద్యోగాలు చేస్తే బిడ్డను చూసేవాళ్లుండరు. ఒకరు వెనక్కి తగ్గాలి. తగ్గేది ఎక్కువగా భార్యే.

స్థిరమైన ఉద్యోగం లేకపోతే

ఉద్యోగం ఉండటం ఒక ఎత్తు, అది నిలకడగా ఉండటం మరో ఎత్తు. స్పెయిన్‌లో 1984లో చట్టం మార్చాక తాత్కాలిక కాంట్రాక్టు ఉద్యోగాలు విపరీతంగా పెరిగాయి. యువతలో నిరుద్యోగం కూడా ఎక్కువే. సారా దె లా రీకా, అమయా ఇసా 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నవాళ్లు పెళ్లినీ తొలి కాన్పునూ వాయిదా వేస్తున్నారని తేలింది. కాంట్రాక్టులో ఉండగా గర్భం దాల్చితే పొడిగింపు వస్తుందో రాదో అన్న భయం ఎక్కడి స్త్రీకైనా అర్థమయ్యేదే.

ఫిన్లాండ్ అధ్యయనం మరింత స్పష్టంగా చెబుతుంది. క్రిస్టీనా హుట్టునెన్, యెన్ని కెల్లోకుంపు ఉద్యోగాలు పోగొట్టుకున్న దంపతులను గమనించారు. భర్త ఉద్యోగం పోయినప్పుడు ఇంటి ఆదాయం ఎక్కువ పడిపోయింది. అయినా పిల్లల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. భార్య ఉద్యోగం పోయినప్పుడు మాత్రం, ప్రతి 100 మందికి సుమారు ముగ్గురు పిల్లలు తక్కువ పుట్టారు. ఈ ప్రభావం ముఖ్యంగా బాగా చదువుకున్న స్త్రీలలో కనిపించింది. అంటే ఆ అమ్మాయిలు ఉద్యోగం దొరికాక బిడ్డను కనడం మానలేదు, ఉద్యోగం పోయాక మానేశారు.

అమెరికాలో మగవాళ్ల పని పోతే ఫలితం వేరుగా ఉంది. చైనా దిగుమతులతో ఫ్యాక్టరీలు మూతబడిన ప్రాంతాలను డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ పరిశీలించారు. పురుషుల ఉద్యోగాలు పోయిన చోట పెళ్లిళ్లు తగ్గాయి, జననాలూ తగ్గాయి. ఇంటి ధరల ప్రభావం కూడా ఉంది. ఇళ్ల ధరలు పెరిగితే సొంతిల్లున్నవాళ్లలో కాన్పులు పెరుగుతాయనీ, అద్దెకుండేవాళ్లలో తగ్గుతాయనీ లీసా డెట్లింగ్, మెలిస్సా కియర్నీ 2014లో చూపారు.

ఇంట్లో ఎవరు చూసుకుంటారు?

మరో బిడ్డ కావాలా అని యూరప్‌లో భార్యాభర్తలను విడివిడిగా అడిగిన సర్వేలున్నాయి. డెప్కే, కిండెర్‌మాన్ 2019లో వాటిని విశ్లేషించారు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప బిడ్డ పుట్టడం అరుదు. జననాలు తక్కువగా ఉన్న దేశాల్లో 'వద్దు' అనేది ఎక్కువగా భార్యే. తండ్రులు పిల్లల పనిలో తక్కువగా చేయివేసే దేశాల్లోనే ఈ పరిస్థితి ఎక్కువ.

కొరియా, జపాన్ దీనికి తగిన ఉదాహరణలు. అక్కడ ఆఫీసు గంటలు చాలా ఎక్కువ. ఓఈసీడీ దేశాల్లో ఆడ, మగ జీతాల మధ్య తేడా అత్యధికంగా ఉన్నది కొరియాలోనే, సుమారు 30 శాతం. చట్టం తండ్రులకు పొడవైన సెలవు ఇచ్చినా వాడుకునేవారు చాలాకాలం తక్కువగానే ఉన్నారు. గోల్డిన్ 2024 చివర్లో విడుదల చేసిన పత్రంలో దీనికి ఒక కారణం చెప్పారు. కొరియా, జపాన్, ఇటలీ, స్పెయిన్ వంటి దేశాలు ఒకటి రెండు తరాల్లోనే గబగబా ధనిక దేశాలయ్యాయి. అమ్మాయిల చదువులూ ఆశలూ మారినంత వేగంగా ఇంట్లో మగవాళ్ల అలవాట్లు మారలేదు. నెమ్మదిగా ఎదిగిన దేశాల్లో సర్దుకోవడానికి సమయం దొరికింది.

అయితే తండ్రికి పని అప్పగిస్తే చాలు పిల్లలు పెరుగుతారనుకోవడమూ పొరపాటే. స్పెయిన్ 2007లో తండ్రులకు రెండు వారాల సెలవు ఇచ్చింది. ఆ సెలవు అర్హత ఉన్న దంపతులు తర్వాతి బిడ్డను కనడం ఆలస్యం చేశారని లీడియా ఫర్రే, లిబెర్తాద్ గొన్సాలెస్ చూపారు. బిడ్డను పెంచడం ఎంత పనో తెలిసొచ్చిన మగవాళ్లలో ఇంకా పిల్లలు కావాలన్న కోరిక తగ్గిందన్నది వాళ్ల వివరణల్లో ఒకటి.

ప్రభుత్వాలు డబ్బిస్తే?

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1988 నుంచి 1997 వరకు కొత్త బిడ్డకు నగదు ఇచ్చింది. మూడో బిడ్డ నుంచి ఆ మొత్తం 8,000 కెనడా డాలర్ల వరకు వెళ్లింది. జననాలు గట్టిగానే పెరిగాయని కెవిన్ మిల్లిగన్ నిరూపించారు. అక్కడే 1997లో రోజుకు 5 డాలర్లకే శిశు సంరక్షణ కేంద్రాలు మొదలయ్యాయి.

ఆస్ట్రియా 1990లో తల్లుల సెలవును ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. రెండో కాన్పులు పెరిగాయి, కానీ తల్లులు ఉద్యోగానికి తిరిగి వెళ్లడం ఆలస్యమైంది.

స్వీడన్ 1974లోనే సెలవును తల్లిదండ్రులిద్దరికీ ఇచ్చింది. సెలవులో వచ్చే డబ్బు అంతకుముందు జీతాన్ని బట్టి ఉంటుంది. అందుకే అక్కడి అమ్మాయిలు ముందు ఉద్యోగం, తర్వాత బిడ్డ అనుకుంటారు. 1990లో రేటు 2.1 దాటింది. 1990లలో ఆర్థిక సంక్షోభం వచ్చి నిరుద్యోగం పెరగగానే 1999 నాటికి 1.5కు పడింది. పథకం అదే, ఉద్యోగాలు లేవు.

జర్మనీ 2007లో సెలవు కాలపు భత్యాన్ని జీతంలో 67 శాతానికి ముడిపెట్టింది. ఎక్కువ సంపాదించే, ఎక్కువ చదువుకున్న స్త్రీలలో జననాలు పెరిగాయని ఆనా రౌటె అధ్యయనం చెబుతుంది. 2013 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు కేంద్రంలో చోటు హక్కయింది. పశ్చిమ జర్మనీలో ఇలాంటి కేంద్రాలు పెరిగిన జిల్లాల్లో కాన్పులూ పెరిగాయి.

మొత్తం మీద పథకాలు పనిచేస్తాయి, కానీ కొంతవరకే. 1.2 రేటును 2.1కు తెచ్చిన పథకం ఇంతవరకు ఏదీ లేదు.

ఇంకా అంతుపట్టని సంగతి

ఇంతచెప్పినా ఒక ముడి మిగిలింది. శిశు కేంద్రాలు, సెలవులు అన్నీ ఉన్న ఫిన్లాండ్‌లో 2010లో 1.87 ఉన్న రేటు 2023లో 1.26కు జారింది. స్వీడన్‌లో 2024లో 1.43. అమెరికాలో 2007లో 2.12 ఉన్నది 2020లో 1.64 అయింది. కియర్నీ, ఫిలిప్ లెవీన్, లూక్ పార్డ్యూ అమెరికా తగ్గుదలకు ఇంటి అద్దె, చదువు అప్పు, శిశు సంరక్షణ ఖర్చు వంటి కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఏ ఒక్కటీ దాన్ని వివరించలేదు. కొత్త తరం జీవితంలో కోరుకునేవే మారాయేమోనన్నది వాళ్ల అభిప్రాయం.

మన ఇళ్ల మాట

ఇదంతా ధనిక దేశాల కథ. మన దగ్గర ఆదాయాలు వేరు, ఉద్యోగాలు వేరు. కానీ రేటు మాత్రం అటే నడుస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో 1.7, తమిళనాడు, ఒడిశా, తెలంగాణలలో 1.8, యానాం ఉన్న పుదుచ్చేరిలో 1.5. దేశం మొత్తానికి 2.0.

ఇందులో గమనించాల్సిందొకటి ఉంది. 2004-05 నుంచి 2017-18 వరకు దేశంలో పనిచేసే స్త్రీల శాతం పెరగలేదు, తగ్గింది. 2017-18లో 15 ఏళ్లు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవాళ్లూ, పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి 23.3 శాతమే. జననాలు మాత్రం ఆ కాలమంతా తగ్గుతూనే ఉన్నాయి. అంటే ఆడవాళ్ల ఉద్యోగాల మీద నెట్టే నింద మన దేశంలో ఇంకా తక్కువగా నిలుస్తుంది.

2017లో మన ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది పైబడి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. స్వీడన్, జర్మనీలలో సెలవు డబ్బును సమాజ బీమా నుంచో ప్రభుత్వ ఖజానా నుంచో ఇస్తారు. ఇక్కడ చాలావరకు యజమానే భరించాలి. చిన్న కొట్టులోనో, కుట్టు మిషను దగ్గరో, ఇంటి పనిలోనో ఉన్న ఆమెకు ఆ సెలవు అందదు.

కాబట్టి ఈసారి పెళ్లి పందిట్లో ఆ మాట వచ్చినప్పుడు చెప్పదగిన జవాబు ఇది. స్త్రీ సంపాదన పెరిగితే బిడ్డ కోసం వదులుకునేది పెరుగుతుంది, ఆ మేరకు పెద్దల మాట నిజం. కానీ ఉద్యోగం నిలకడగా ఉన్నచోట, బిడ్డను చూసుకునే చోటు దొరికినచోట, తండ్రి కూడా చేయివేసినచోట ఆమె రెండింటినీ నిలుపుకుంటుందని చాలా దేశాల అనుభవం చెబుతోంది. ఇంకో బిడ్డను ఎందుకు కనలేదని అమ్మాయిని అడిగే ముందు, మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఎవరు చూసుకున్నారు, ఆమె ఉద్యోగం ఏమైంది అని అడగడం న్యాయం.